కేశవపట్నం గుడాలు

హన్మకొండ నుంచి కొండగట్టుకు నడక అంటే 100 కిలోమీటర్ల పైమాటే. వైశాఖ బహుళ దశమికి వచ్చే పెద్ద హనుమాన్ జయంతి రోజు కొండ మీద మాల తీయాలని పదకొండు మందిమి బయలుదేరాం. 41 రోజుల దీక్ష. ఒంటిపూట భోజనం, నేల మీద పడక, కాళ్లకు చెప్పుల్లేవు, ఉల్లిగడ్డ లేదు, బయటి తిండి లేదు. మే నెలలో తారు రోడ్డు ఎట్లా ఉంటుందో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అంచున వేసిన తెల్లగీత మీద నడిస్తే కొంచెం నయం. ఆ గీత కోసం స్వాములం ఒకరినొకరు తోసుకున్నాం కూడా.

మా బావకు షుగర్. తిండి తగ్గితే ఇన్సులిన్ కూడా తగ్గించాలని డాక్టర్ నా ముందే చెప్పాడు. తలూపి వచ్చాడు, తగ్గించలేదు. ఈ సంగతి తర్వాత తెలిసింది.

హుజూరాబాద్ దాటి, కేశవపట్నం కూడా దాటాక, పదకొండు గంటలప్పుడు బావ నడక వంకర పోయింది. ఏమైందంటే ఏదో పొంతన లేని మాట అన్నాడు. చేయి పట్టుకుంటే చెమటతో చల్లగా ఉంది. "బావా!" అని అరిచాను. దీక్షలో స్వామి అనే పిలవాలి, ఆ నియమం అక్కడే పోయింది. అటుకులు, బెల్లం అన్నీ సామాను ఆటోలో మానకొండూరు వెళ్లిపోయాయి. దగ్గర్లో ఉన్నది ఒక్కటే, తాటిచెట్ల కింద కల్లు మండువ.

అక్కడ గుడాలు, అంటే గుగ్గిళ్లు, అమ్ముకునే ఒక పెద్దమ్మ మమ్మల్ని చూసి లేచి, చాయ్ కోసం పెట్టుకున్న చక్కెర డబ్బా తీసింది. స్టీలు గ్లాసులో నాలుగు చెంచాలు వేసి నీళ్లు కలిపింది. గ్లాసుకు కల్లు వాసన ఇంకా ఉంది. మాలో ఒకరు, "ముందు మాల తీయండి స్వామీ" అన్నారు. మా గురుస్వామి రిటైరైన తెలుగు పంతులు, మామూలుగా చాదస్తం ఎక్కువే. ఆయనే గ్లాసు అందుకున్నారు. "వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిదని శ్లోకం ఉన్నది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. ఇప్పుడు చక్కెరే మందు. గురువు మాట కూడా అయింది, తాగు."

మీటర్ 54 చూపించింది. పావుగంట ఆగి చూస్తే 81. మళ్లీ పడిపోకుండా ఏదైనా తినాలి. పెద్దమ్మ మోదుగాకు దొన్నెలో బొబ్బెర గుడాలు పెట్టింది, పైన సన్నగా తరిగిన ఉల్లిగడ్డ. బావ సగం తిని, "ఇగ చాలమ్మా" అని దొన్నె కింద పెట్టాడు. "కాళ్లు బొబ్బలెక్కినయి బిడ్డా, నా చెప్పులన్న ఏసుకో" అందామె. బావ దండం పెట్టి వద్దన్నాడు.

ఇక నా సంగతి. ఆ సందట్లో నేనూ ఒక దొన్నె తీసుకున్నాను. నాకు షుగర్ లేదు, కళ్లు తిరగలేదు, ఉత్త ఆకలి. నెల రోజుల తర్వాత నాలుక మీద ఉల్లిగడ్డ పడింది, ఆగలేకపోయాను. గురుస్వామి చూశారు, ఏమీ అనలేదు.

ఆ రాత్రి కరీంనగర్‌లో పడుకున్నప్పుడు ఆయన ఛాందోగ్య ఉపనిషత్తులోని ఉషస్తి అనే ఋషి కథ చెప్పారు. రాళ్లవానకు కురుదేశంలో పంటలన్నీ పోయాయి. ఉషస్తి ఒక మావటివాడి దగ్గర ఎంగిలి గుగ్గిళ్లు అడుక్కుని తిన్నాడు. మిగిలినవి భార్యకు పట్టుకెళ్లాడు. మావటి ఎంగిలి నీళ్లు కూడా ఇవ్వబోతే మాత్రం వద్దన్నాడు. ఇవి తినకపోతే బతికేవాడిని కాదు, నీళ్లంటావా, ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడట. కథ బావ కోసం చెప్తున్నట్టే ఉంది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. బావ గురక పెట్టాడు.

మూడోనాడు కొండ మీద క్యూలో, ఇటు ఆంజనేయ ముఖం, అటు నారసింహ ముఖం ఉన్న స్వామి దగ్గరికి పోయేలోపు చెప్పేయాలనిపించింది. "స్వామీ, ఆ రోజు గుడాలు నేను ఊరికే తిన్న."

"తెలుసు. మంచిగున్నయా?"

"ఉన్నయి."

"ఉషస్తి మిగిలినయి పెండ్లానికన్న తీస్కపోయిండు," అన్నారాయన, క్యూ కదిలితే ముందుకు జరుగుతూ. "నువ్వు నాకు ఒక్క పిడికెడు తేకపోతివి."