గేర్ల కుదుపు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ దాకా: నా అనుభవం

“ఆటోమేటిక్ బండ్లన్నీ ఇంతే మేడమ్, అలవాటైతే మీకే తెలియదు.” గేర్‌బాక్స్ ఫిర్యాదుతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లేవారు మొదట వినే మాట ఇదే. రెండో మాట, “స్కానర్‌లో కోడ్ ఏమీ రాలేదు.” అంటే బండి కంప్యూటర్ లోపం నంబరు ఏదీ చూపలేదని. మూడోది, బండిలో ఎంత బరువు వేస్తారన్న ప్రశ్న. ఈ మూడూ దాటాకే అసలు పని మొదలవుతుంది. దాటడానికి నాకు ఏవి అక్కరకొచ్చాయో రాస్తున్నాను. కంపెనీ పేరు, షోరూమ్ పేరు రాయడం లేదు. నాలాంటి ఇద్దరు ముగ్గురు పికప్ యజమానులతో మాట్లాడాక, బ్యాడ్జి మారినా సమాధానాలు మారవని అర్థమైంది.

నాది డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, ఆరు గేర్ల ఆటోమేటిక్. మొయినాబాద్ దగ్గర చిన్న నర్సరీ ఉంది. కుండీలు, వర్మీకంపోస్టు సంచులు, నిలువెత్తు మొక్కలు కోకాపేట, తెల్లాపూర్, మణికొండ అపార్ట్‌మెంట్లకు చేర్చడం ఈ బండి పని. గంటల తరబడి ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేకే ఆటోమేటిక్ కొన్నాను. మాన్యువల్ కన్నా లక్షలు ఎక్కువ పోసి కొన్నది సుఖం కోసమే కాబట్టి, ఆ సుఖం లేదని అడగడం నా హక్కే అనుకున్నాను.

ఇబ్బందులు మూడు. ఉదయం బండి తీసేటప్పుడు ‘డీ’ (డ్రైవ్, ముందుకు నడిపే గేరు స్థానం)లో వేస్తే కాసేపు ఏమీ జరగదు, తర్వాత ఒక్క ఊపుతో గేరు పడుతుంది. సిగ్నల్ దగ్గరకు వస్తూ వేగం తగ్గుతున్నప్పుడు, ఇంకా పది పదిహేను కిలోమీటర్ల వేగం ఉందనగా, వెనక నుంచి ఆటో గుద్దినట్లు ఒక దెబ్బ. మొదట్లో నిజంగానే అద్దంలో చూసుకునేదాన్ని. మూడోది బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు. షేక్‌పేట ఫ్లైఓవర్ మీద, అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలోని ఎగువల మీద మూడు, నాలుగు గేర్ల మధ్య ఊగిసలాడుతుంది. నాలుగు వేస్తుంది, శక్తి చాలక మళ్లీ మూడు వేస్తుంది, తిరిగి నాలుగు. యాక్సిలరేటర్ మీద నా కాలు మాత్రం కదలదు.

బండి పత్రాల్లో గేర్ నిష్పత్తులు ఇచ్చారు, అంటే గేర్‌బాక్స్ నుంచి బయటికి వెళ్లే షాఫ్టు ఒక్క చుట్టు తిరగడానికి ఇంజన్ వైపు ఎన్ని చుట్లు కావాలో. మొదటిది 3.600, రెండోది 2.090, మూడోది 1.488, నాలుగోది 1.000. ఈ అంకెలు చూశాకే దెబ్బ ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది. రెండు నుంచి ఒకటికి దిగాలంటే ఇంజన్ వైపు వేగం ఒక్కసారిగా 1.7 రెట్లు పెరగాలి. ఆటోమేటిక్‌లో కాలితో తొక్కే క్లచ్ లేకపోయినా, గేర్‌బాక్స్ లోపల గేర్లను పట్టి వదిలే క్లచ్‌లు ఉంటాయి. పాత గేరు క్లచ్ వదిలే క్షణం, కొత్త గేరు క్లచ్ పట్టే క్షణం సరిగ్గా కుదరకపోతే ఆ తేడా అంతా ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా వెనక చక్రాలకు చేరుతుంది. ఖాళీ పికప్‌కు వెనక బరువు ఉండదు కాబట్టి అది నడుముకు తగులుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు సర్వీస్ సలహాదారు బండిని షోరూమ్ చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చారు. గేర్‌బాక్స్ అప్పటికి చల్లారింది, వెనక బరువు లేదు, దారిలో ఎత్తు లేదు. ఏమీ కనబడలేదన్నారు. అందులో ఆశ్చర్యం లేదు. జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని రాసి సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆ మొండితనమే. జాబ్ కార్డులో యజమాని ఫిర్యాదు రాసే గడి ఒకటుంటుంది. అందులో నా మాటల్లోనే రాయించాను: ‘గేర్‌బాక్స్ వేడెక్కాక, వేగం తగ్గుతూ 15 కిలోమీటర్ల లోపు వచ్చినప్పుడు, బ్రేకు మీద తేలికగా కాలు ఉండగా రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు దెబ్బ.’ ఆయనకు విసుగొచ్చింది. అయినా రాశారు. వారంటీ లోపల ఈ లోపం చెప్పారా లేదా అన్న ప్రశ్న రేపు వస్తే, నోటిమాటగా చెప్పింది చెప్పినట్లు కాదు.

కోడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు. ఏదైనా సెన్సర్ విలువ కంపెనీ పెట్టిన హద్దు దాటితేనే కంప్యూటర్ కోడ్ నమోదు చేస్తుంది. పీ0700 వచ్చిందంటే ట్రాన్స్‌మిషన్ వైపు ఏదో ఉంది, అక్కడ వెతకమని అర్థం. పీ0741 అయితే, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ సరిగా పట్టడం లేదని. గేరు మొరటుగా పడటం హద్దు దాటడం కాదు, కాబట్టి కోడ్ రాదు. కోడ్ లేదంటే విడిభాగం చచ్చిపోలేదని మాత్రమే. గేర్‌బాక్స్ సవ్యంగా నడుస్తోందని కాదు.

ఆధారం నేనే చూపించాల్సి వచ్చింది. స్టీరింగ్ కింద బండి కంప్యూటర్‌లోని వివరాలు చదవడానికి 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. అందులో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరికింది. అది ఇంజన్ వేగాన్ని, బండి వేగాన్ని ఫోనులోకి పంపుతుంది. ఆటోమేటిక్ ‘డీ’లో ఉంటే మా బండి డయల్‌లో ఏ గేరో కనిపించదు, కానీ ఆ రెండు అంకెల నిష్పత్తిని బట్టి తెలుసుకోవచ్చు. ఒకే వేగంలో ఇంజన్ చుట్లు మూడో వంతు పడిపోతే మూడు నుంచి నాలుగుకు వెళ్లినట్లు, అంతే మేర లేస్తే తిరిగి మూడుకు దిగినట్లు. నర్సరీలో పనిచేసే కుర్రాడు పక్కన కూర్చుని వీడియో తీశాడు. “అక్కా, ఇదిగో మళ్లీ వేసింది” అని వాడు అరిచిన అరుపు కూడా అందులో ఉంది. చివరకు కంపెనీ ఇంజనీర్ ముందు ఎక్కువ పనిచేసింది ఆ అరుపే అనుకుంటాను, ఎందుకంటే వాడికి స్క్రీన్ మీది అంకెల అర్థం తెలియదు, కుదుపు మాత్రమే తెలిసింది. బరువు ప్రశ్నకు సమాధానంగా ధర్మకాంటా చీటీలు పెట్టుకున్నాను, ఖాళీ బండిది ఒకటి, సరుకుతో ఒకటి. అనుమతించిన బరువు లోపలే ఉందని తేలాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

మధ్యలో మూసాపేటలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి కట్టే ఒక ఉస్తాద్ దగ్గరకు వెళ్లాను. “వారంటీ ఉన్నంతకాలం దీని బోల్టు నేను ముట్టుకోనమ్మా” అన్నారు ముందే. ఒక మాట మాత్రం చెప్పి పంపారు: “సాఫ్ట్‌వేర్ గురించి తర్వాత అడగండి. ముందు ఆయిల్ చూపించమనండి.” ఇలాంటి గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఆయిల్ కొలిచే పుల్ల ఉండదు. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ ఫలానా ఉష్ణోగ్రతకు వచ్చాక కింద ఉన్న బిరడా తీసి, కొద్దిగా పొర్లుతుందా లేదా చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఒక లెక్క, వేడిగా ఉన్నప్పుడు చూస్తే మరో లెక్క. ఈ గేర్‌బాక్సులో క్లచ్‌లను నొక్కేది ఆయిల్ ఒత్తిడే. మట్టం తక్కువైనా, ఆయిల్ మాడినా కంప్యూటర్ ఎంత సరిగా ఆజ్ఞ ఇచ్చినా క్లచ్ ఆలస్యంగానే పడుతుంది.

ఆయన మాట నిజమనడానికి అమెరికాలో పెద్ద ఉదాహరణ ఉంది. జనరల్ మోటార్స్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టిన పికప్‌లలో వణుకు వస్తోందని యజమానులు ఏళ్ల తరబడి తిరిగారు. చివరకు కంపెనీ డీలర్లకు పంపిన సూచన ఏమిటంటే, పాత ఆయిల్ పూర్తిగా తీసి వేరే రకం ఆయిల్ నింపమని. దీనికి సరిగ్గా తిరగబడిన కథ ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌ది. అందులో వేగం చెప్పే సెన్సర్ సంకేతం క్షణకాలం తెగిపోతే, బండి ఎంత వేగంలో ఉన్నా గేర్‌బాక్స్ అమాంతం మొదటి గేరుకు దిగిపోయేది. 2011–2013 మోడళ్లను 2019లోనూ, 2014 మోడల్ బండ్లు దాదాపు 5.5 లక్షలను 2024లోనూ వెనక్కి పిలిచారు. లోపం ఉన్నది సంకేతంలో, మందు మాత్రం సాఫ్ట్‌వేర్. సంకేతం తెగినా తొందరపడి మొదటి గేరు వేయొద్దని కంప్యూటర్‌కు నేర్పారు. సాఫ్ట్‌వేర్ వేస్తే లోపాలన్నీ పోతాయన్నా, సాఫ్ట్‌వేర్‌తో ఏమీ కాదన్నా నేను నమ్మనిది ఈ రెండు కథలు చదివాకే.

తర్వాత సర్వీస్ సెంటర్‌కు, కంపెనీ కస్టమర్ విభాగానికి ఒకే ఈమెయిల్ పంపాను. వీడియోలు, చీటీలు, పాత జాబ్ కార్డు జతచేసి మూడే మూడు ప్రశ్నలు అడిగాను. ఆయిల్ మట్టం నా ఎదుట, సరైన ఉష్ణోగ్రత దగ్గర చూస్తారా? ప్రస్తుతం గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏది? ఈ లక్షణాలకు కంపెనీ టెక్నికల్ బులెటిన్ ఏదైనా ఉందా? ఈ మూడో ప్రశ్న ఎందుకంటే, భద్రతకు ముప్పు ఉంటే రీకాల్ ప్రకటిస్తారు, యజమానికి కబురు వస్తుంది. బులెటిన్ అలా కాదు. అది కంపెనీకి, సర్వీస్ సెంటర్‌కు మధ్య ఉండే కాగితం. అడిగినవారి బండికే ఆ మందు పడుతుంది. అమెరికాలో ఈ బులెటిన్లు ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఇక్కడ మనం సలహాదారు మొహం చూడాల్సిందే.

ఈమెయిల్‌కు మర్యాదగా ఒక రసీదు వచ్చింది, అంతే. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. వారు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. నేను అక్కడ ఆగాను. అది కుదరకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా స్థాయిలోనే వింటారు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు. నా విషయంలో హెల్ప్‌లైన్ తర్వాత కంపెనీ ప్రాంతీయ ఇంజనీర్ కదిలారు. ఆయనను బరువుతో ఉన్న బండిలో, మధ్యాహ్నం ఎండలో, నార్సింగి వైపు సర్వీసు దారిలో తిప్పాను. రెండో సిగ్నల్‌కే ఆయన ల్యాప్‌టాప్ మూశారు. “బులెటిన్ ఉంది మేడమ్, మీ బండిలో పాత వెర్షన్ ఉంది.” ఇన్నాళ్లూ ‘బండి లక్షణం’ అన్నదానికి అంతకుముందే ఒక ఫైలు నంబరు ఉందన్నమాట! కోపం వచ్చింది గానీ, ఆ మనిషి మీద చూపించలేదు. నిజం చెప్పింది ఆయనొక్కరే.

ముందు ఆయిల్ చూశారు. మట్టం సరిగానే ఉంది, రంగు ఎర్రగా, మాడు వాసన లేకుండా ఉంది. తర్వాత సాఫ్ట్‌వేర్. చూడటానికి ఏమీ ఉండదు. ఓబీడీ సాకెట్‌కు తీగ, ల్యాప్‌టాప్ మీద నెమ్మదిగా నిండే ఒక గీత. ముఖ్యమైనది బ్యాటరీకి తగిలించిన చార్జర్. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి చేసే పని కనుక మధ్యలో వోల్టేజి పడిపోతే కంప్యూటర్ సగం రాతతో నిలిచిపోయి బండి కదలకుండా పోవచ్చు. చార్జర్ లేకుండా మొదలుపెట్టబోతే ఆపమనండి, మొహమాటం వద్దు. పని అయ్యాక జాబ్ కార్డులో పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ రాయించుకున్నాను. వారంటీలో ఉంది కనుక బిల్లు సున్నా.

ఆ తర్వాతి కొన్ని రోజుల గురించి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. బండి మునుపటికన్నా మొరటుగా నడిచింది. కారణం ఉంది. ప్రతి క్లచ్‌లో ఆయిల్ నిండడానికి ఎంత సమయం, ఎంత ఒత్తిడి కావాలో కంప్యూటర్ నడుస్తూ నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వేసి ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అందుకు ఆయిల్ వేడెక్కి ఉండాలి, యాక్సిలరేటర్ తేలికగా నొక్కుతూ వరసగా గేర్లన్నీ ఎక్కాలి, తర్వాత నెమ్మదిగా ఆగేదాకా జారనివ్వాలి. ఇంజనీర్ చెప్పిన పద్ధతి ఇదే. మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఇది కుదరదు. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల వైపు మర్రిచెట్ల దారిలో, ఉదయం పూట, సరుకు దింపి వచ్చేటప్పుడు చేశాను. నేర్చుకునే దశలో పూటకొకరు బండి నడపకుండా చూసుకోవడం మేలనిపించింది. మా ఆయన కాలు బరువు, నా కాలు వేరు.

ఇప్పుడు సిగ్నల్ దగ్గరి దెబ్బ పోయింది. ఎగువల మీద ఊగిసలాట బాగా తగ్గింది. కొత్త సాఫ్ట్‌వేర్ మూడో గేరును ఎక్కువసేపు పట్టి ఉంచుతోంది, ఆ మేరకు డీజిల్ కొంచెం ఎక్కువే తాగుతోందని నా అనుమానం. లారీని దాటడానికి గట్టిగా తొక్కితే కింది గేరుకు దిగడానికి మునుపటికన్నా ఒక క్షణం ఎక్కువ ఆలోచిస్తోంది. ఒక చోట తీసి ఇంకో చోట పెట్టారు. నేను ఒప్పుకున్న బేరమే.

ఉస్తాద్‌కు ఫోను చేసి చెబితే సంతోషించారు గానీ, ఆయన గొంతులో చిన్న బాధ వినిపించింది. గేర్‌బాక్స్ మొత్తం విప్పి పేర్చగలిగిన మనిషి ఈ సాఫ్ట్‌వేర్ ఫైలు మాత్రం వేయలేరు, కంపెనీ సర్వర్ ఆయనను లోపలికి రానివ్వదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టినప్పుడు వాహనాలనూ అందులో చేర్చింది. ఆయన దుకాణం దాకా అది ఇంకా చేరలేదు.

ఉదయం పూట ‘డీ’ పడటంలో ఆలస్యం మాత్రం అలాగే ఉంది. రాత్రంతా ఆగిన బండిలో టార్క్ కన్వర్టర్ నుంచి ఆయిల్ కిందికి జారిపోవడం వల్ల కావచ్చని ఇంజనీర్ అన్నారు, అది సాఫ్ట్‌వేర్‌తో పోదట. వచ్చే సర్వీసుకు బండిని ముందు రోజు సాయంత్రమే అక్కడ వదిలి, ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నా ఎదుటే చేయమని జాబ్ కార్డులో ఇప్పటికే రాయించాను.