మేడ మీంచి సౌరజ్వాలల్ని పట్టుకోవడం: నా అనుభవం

సౌరజ్వాల, అంటే సూర్యుడి మీద ఒక్కసారిగా జరిగే పేలుడు, ఎగసిందని తెలుసుకోవడానికి టెలిస్కోపు అక్కర్లేదు. మబ్బు పట్టినా పరవాలేదు. భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, అయనోస్ఫియర్ (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉండే మేర) అడుగున డి పొర అని ఒకటుంటుంది. పగలు ఎండకు ఏర్పడుతుంది, పొద్దుగూకితే చెదిరిపోతుంది. జ్వాలలోంచి వచ్చే ఎక్స్ కిరణాలు తగలగానే ఆ పొర ఒక్కసారిగా చిక్కబడుతుంది. జలాంతర్గాములకు కబురు పంపడానికి నేవీలు వాడే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలు నేలకూ ఆ పొరకూ మధ్య పడి లేస్తూ వేల కిలోమీటర్లు పోతాయి. పొర మారితే మన దగ్గరికొచ్చే సిగ్నల్ బలం మారుతుంది. ఆ బలాన్ని రోజంతా నమోదు చేస్తే జ్వాల గ్రాఫ్‌లో పడుతుంది. పనంతా ఇంతే. కావలి ఊరి చివర మా మేడ మీద దాన్ని ఎలా కుదుర్చుకున్నానో చెబుతాను.

మనకు అందే మంచి స్టేషన్లు రెండు. తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో మన నేవీది, 18.2 కిలోహెర్ట్జ్. ఆస్ట్రేలియా పడమటి తీరాన ఎక్స్‌మౌత్ దగ్గర నార్త్ వెస్ట్ కేప్‌లో ఉన్నది, 19.8. నేను దూరపుదాన్నే ఎంచుకున్నాను. ఐదు వేల కిలోమీటర్లకు పైగా దారి, దాదాపు అంతా సముద్రం మీదుగానే. దగ్గరి స్టేషన్ అయితే నేల వెంట వచ్చే తరంగం, పై నుంచి తిరిగొచ్చేది ఒకదానితో ఒకటి కలిసి, జ్వాల వచ్చినప్పుడు గీత లేస్తుందో పడుతుందో ముందే చెప్పలేం.

యాంటెన్నా ఇంట్లోనే చేసుకోవచ్చు. వడ్రంగి దగ్గర రీపర్లు కోయించి మీటరు పక్కల చదరపు చట్రం కొట్టించాను. తీగ కోసం మోటార్లకు వైండింగ్ చేసే షాపుకెళ్ళి 28 గేజ్ ఎనామిల్ రాగి తీగ అడిగితే, షాపాయన "మోటారు ఎన్ని హెచ్‌పీ అన్నా?" అన్నాడు. యాంటెన్నాకని చెప్పాక తనే కండె మీంచి తీగ వదులుతూ, మెలి పడకుండా ఎలా చుట్టాలో చూపించాడు. యాభై చుట్లు, ప్రతి చుట్టూ ఒకే బిగువు. కొసల్ని చిన్న యాంప్లిఫయర్‌కీ, అక్కణ్ణించి షీల్డ్ ఉన్న కేబుల్‌తో యూఎస్‌బీ సౌండ్ కార్డుకీ కలిపాను. సెకనుకు 48 వేల శాంపిళ్ళు తీసుకునే మామూలు సౌండ్ కార్డు 24 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది కాబట్టి 19.8కి వేరే రేడియో కొననక్కర్లేదు. స్పెక్ట్రమ్ ల్యాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ బలాన్ని నమోదు చేస్తుంది. చట్రం అంచు స్టేషన్ వైపు ఉండాలి. మాకు అది ఆగ్నేయం.

అసలు కష్టం ఇంట్లో కరెంటుతోనే. తెర మీద ఎటు చూసినా గీతలే, వాటిలో ఆస్ట్రేలియా ఎక్కడుందో తెలియదు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. తెర మొత్తం నల్లబడి, 19.8 దగ్గర ఒక్క గీత నిటారుగా, నిబ్బరంగా నిలబడింది. దాని ఎడమ పక్కన 18.2లో సన్నగా ఇంకొకటి. అప్పటిదాకా చదివిందంతా ఒక ఎత్తు, ఆ రెండు గీతలు కళ్ళారా చూడటం ఒక ఎత్తు. కరెంటు వచ్చాక మెయిన్ ఆపి, ఇంట్లో స్విచ్చులన్నీ తీసేసి, ఒక్కొక్కటే వేస్తూ తెర చూశాను. ఫ్యాన్ల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఈ మూడే ఎక్కువ రొద చేసేవి. చట్రాన్ని మేడ మీద ఇంటికి వీలైనంత దూరపు మూలకు జరిపాక సగం పీడ వదిలింది. మిగతా సగం బల్బులు మార్చాక పోయింది.

తర్వాత కొంతకాలం జ్వాలల సంగతి పక్కనపెట్టి మామూలు రోజు గ్రాఫ్ ఎలా ఉంటుందో చూడాలి. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, నా లెక్కన ఇదే ముఖ్యం. పొద్దున సూర్యోదయం వేళ గీత లోయలోకి దిగి లేస్తుంది, పగలంతా నున్నగా నడుస్తుంది, సాయంత్రం మళ్ళీ లోయ, రాత్రంతా ఎగుడుదిగుడు. గీత ఒక్క క్షణంలో నేలకు పడిపోతే అది స్టేషన్ వాళ్ళు ఆపేయడం. గాలివానలప్పుడు కనిపించే ముళ్ళు పిడుగులు. జ్వాల తీరు వేరు: కొద్ది నిమిషాల్లో నిటారుగా లేచి, అరగంటో గంటో తీసుకుని వాలుతుంది. శిఖరం కూడా ఉపగ్రహాలు చూపే ఎక్స్‌రే శిఖరం కంటే కాస్త ఆలస్యంగా పడుతుంది, డి పొర తేరుకోవడానికి టైం పడుతుంది కాబట్టి.

సూర్యుడు విసిరే ప్లాస్మా మబ్బులు (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) వచ్చి తాకితే భూమి అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, దాన్నే అయస్కాంత తుపాను అంటారు. అదీ పట్టుకోవడానికి ఆర్‌ఎం3100 అనే చిన్న సెన్సరును పీవీసీ గొట్టంలో పెట్టి, పెరట్లో మోకాటి లోతున పాతిపెట్టాను. ఎండ వేడికి రీడింగ్ జరగకుండా ఉండాలంటే పాతాల్సిందే. మా అమ్మ "ఆ గుంత దగ్గర స్కూటర్ పెట్టమాకండిరా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మన ప్రాంతంలో చూడాల్సింది ఉత్తరం వైపు నేలకు సమాంతరంగా ఉండే క్షేత్రాన్ని. అది సుమారు 40 వేల నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం). రోజూ మధ్యాహ్నానికి కాస్త పెరిగి సాయంత్రానికి దిగుతుంది. తుపాను వస్తే ఆ లయ చెడుతుంది.

2024 మే 10న జ్వాల, తుపాను రెండూ ఒకే రోజు పడ్డాయి. మధ్యాహ్నం 12.24కి ఎక్స్3.9 జ్వాల (ఎక్స్ అంటే జ్వాలల్లో అన్నిటికంటే బలమైన తరగతి). దారంతా పట్టపగటి ఎండ, నున్నటి గీత మీద అంత శుభ్రమైన కొమ్ము మళ్ళీ నాకు దొరకలేదు. రాత్రి పదిన్నర దాటాక పెరట్లో సెన్సరు ఉన్నట్టుండి పైకి ఎగిరి, ఆ తర్వాత గంటలకొద్దీ కిందికి జారుతూ పోయింది. తెల్లారేసరికి మామూలు కంటే వందల నానోటెస్లాలు తక్కువ. 2003 అక్టోబరు తర్వాత మొదటి జీ5 తుపాను, అంటే అన్నిటికంటే తీవ్రమైన స్థాయిది, అదే. లడఖ్‌లో హాన్లే నుంచి ఆకాశం ఎర్రబారడం ఆ రాత్రే కెమెరాలకు చిక్కింది. కావలిలో ఆకాశంలో ఏమీ లేదు, గ్రాఫ్‌లో మాత్రం అంతా ఉంది.

గ్రాఫ్ చూసిన మిత్రులందరూ ఒకటే అన్నారు, మధ్యాహ్నం జ్వాల వల్లే రాత్రి తుపాను అని. కాదు. ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల పైచిలుకులో వచ్చేస్తాయి. తుపాను తెచ్చే ప్లాస్మా మబ్బులకు ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ రాత్రి భూమిని తాకినవి సూర్యుడి మీది అదే మచ్చల గుంపు, ఏఆర్ 13664, అంతకు రెండు రోజుల ముందు నుంచి వరసగా విసిరినవి. అందుకే నా దగ్గర రెండు గ్రాఫులూ వేర్వేరు కాగితాల మీద ఉంటాయి. తుపాను పడితే రెండు మూడు రోజులు వెనక్కి వెళ్ళి జ్వాలల కాగితం తిరగేస్తాను.

మర్నాడు ఉదయం 6.53కి ఎక్స్5.8 వచ్చింది. ముందురోజు దానికంటే పెద్దది, కానీ సూర్యోదయపు లోయ నుంచి గీత పైకి వస్తున్న వేళ పడటంతో ఎక్కడ మొదలైందో విడదీయడానికి మామూలు రోజుల గ్రాఫులు పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. మే 14న ఎక్స్8.7 అయితే మనకు రాత్రి 10.21. దారి మొత్తం చీకటి. గీత కదల్లేదు.