ఎడమ చెప్పు

"పెద్దాయనా, కొద్ది నిమిషాలు కదలొద్దు, నొప్పేమీ ఉండదు" అని చెప్పి టెక్నీషియన్ బయటికొచ్చి ఆ బరువైన తలుపు మూశాడు. లోపల నాన్న ఒక్కడే. బయట బెంచీ మీద నేను, నా చేతిలో ఆయన చెప్పులు.

మాకు ముందు చెప్పింది ఆ ఎడమ చెప్పే. పది రోజులుగా నడుస్తుంటే కాలి నుంచి జారిపోతోంది, జారిన సంగతే ఆయనకు తెలియట్లేదు. వయసు అనుకున్నాం. నడుంనొప్పికి బామ్ రాశాం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసి కూడా, అది వెన్నుపామును నొక్కుతుందేమో అని ఒక్కరికీ తట్టలేదు.

నిన్న రాత్రి ఎమ్మారై, వెంటనే వాపు తగ్గించే డెక్సామెథసోన్ మందు, ఈరోజు రేడియేషన్. 8 గ్రే (రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు), ఒక్కసారే. కొందరికి 20 గ్రే ఐదు రోజులకు పంచి ఇస్తారట. ఒక్కసారి సరిపోతుందా అని టెన్షన్‌తో అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు, నాన్నలాంటి వాళ్లకు నడక నిలబెట్టడంలో రెండింటికీ పెద్ద తేడా ఉండదు, వైద్యం మొదలయ్యే సరికి మనిషి ఇంకా నడుస్తున్నాడా లేదా అన్నదే ముఖ్యం అని.

ఆ పది రోజులు గుండెల్లో గుచ్చుకుంటున్నాయి.

మీ ఇంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్లు ఎవరైనా కొత్తగా వెన్నునొప్పి అన్నా, కాళ్లు తిమ్మిరి అన్నా, పట్టు తప్పుతున్నాయన్నా, మూత్రం రావట్లేదన్నా, రేపు చూద్దాం అనకండి, ఆ రోజే తీసుకెళ్లండి.

తలుపు తెరుచుకుంది. "అయిపోయిందా? ఇంతేనా?" అన్నాడు నాన్న. చెప్పులు నేనే తొడిగాను. ఎడమదానికి వెనక పట్టీ కుట్టించాలి.