ఏ జట్టు నాన్నా నీది?

హైదరాబాద్‌లో విమానం దిగి, స్నానం చేసి, భోజనానికి కూర్చునే లోపు మా పిల్లవాడికి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఏ జట్టు నాన్నా నీది? ఇండియానా, ఆస్ట్రేలియానా?" పెదనాన్నలు అడుగుతారు, పిన్నులు అడుగుతారు, కింద ఉండే వాచ్‌మన్ కూడా అడుగుతాడు. నవ్వుతూనే అడుగుతారు గానీ, జవాబు కోసం ఆగి చూసే తీరులో చిన్న పరీక్ష ఉంటుంది. 1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబ్బిట్ అనే రాజకీయ నాయకుడు, వలస వచ్చినవాళ్ళు ఏ క్రికెట్ జట్టును సమర్థిస్తారో చూస్తే వాళ్ళు ఏ దేశానికి చెందినవాళ్ళో తెలుస్తుందన్న ధోరణిలో మాట్లాడితే అక్కడ పెద్ద దుమారమే రేగింది. అదే పరీక్షను మన బంధువులు పులిహోర వడ్డిస్తూ పెడతారు.

మా వాడికి పదకొండేళ్ళు. పుట్టింది, పెరుగుతున్నది మెల్‌బోర్న్‌లో. వాడి జట్టు ఆస్ట్రేలియా. ఇందులో దాచేదీ లేదు, బాధపడేదీ లేదు. వాడితో కలిసి ఆడే పిల్లలు, వాడి కోచ్, వాడి గోడ మీద బొమ్మలు అన్నీ అక్కడివే. పిల్లలకు బలవంతంగా నీలం చొక్కా తొడిగి ఫోటోలు తీసే తల్లిదండ్రులు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. అభిమానం చొక్కాతో వస్తుందంటే నేను నమ్మను.

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఇండియా, ఆస్ట్రేలియాల ప్రపంచ కప్ ఫైనల్ అయ్యేసరికి మాకు తెల్లవారుజామున మూడు కావచ్చింది. ఆస్ట్రేలియా ఆటగాడు ట్రావిస్ హెడ్ 137 కొట్టి మనవాళ్ళను ఓడించాడు. మా వాడు సోఫా మీద గంతులు, నేను వంటింట్లో అవసరం లేని గిన్నెలు తోముతూ. మా ఆయనకు ఆటల గొడవ లేదు కాబట్టి ఆ రాత్రి ఇంట్లో సుఖంగా నిద్రపోయింది ఆయనొక్కరే. అంతలో హబ్సిగూడ నుంచి నాన్న ఫోను. నన్ను పలకరించకుండానే "వాడికివ్వు" అన్నారు. "హెడ్ బాగా ఆడాడురా. మనవాళ్ళు పరుగులు తక్కువ చేశారు, అంతే" అని మనవడితో చెప్పి పెట్టేశారు. ఆ రెండు ముక్కలు అనడానికి ఆయన ఎంత దిగమింగారో నాకు తెలుసు.

సరిగ్గా నెల తిరిగింది. డిసెంబర్ 19న దుబాయ్‌లో ఐపీఎల్ వేలం. సన్‌రైజర్స్ హైదరాబాద్ వాళ్ళు ఆ హెడ్‌ను 6.80 కోట్లకు, కప్పు ఎత్తిన ప్యాట్ కమిన్స్‌ను 20.50 కోట్లకు కొన్నారు. మన గుండెలు పగలగొట్టిన వాళ్ళిద్దరూ మన ఊరి జట్టులోకి వచ్చిపడ్డారు. నాన్నకు రెండు మూడు రోజులు మింగుడు పడలేదు. తర్వాత వాదన సిద్ధం చేసుకున్నారు.

"హైదరాబాద్‌కు బయటివాళ్ళు కొత్తేమిటి?" అని మొదలుపెట్టారు. 1962-63లో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. 2009లో ఇంకో గిల్‌క్రిస్ట్, ఆస్ట్రేలియా ఆడమ్, దక్కన్ చార్జర్స్‌కు కప్పు తెచ్చాడు. 2016లో సన్‌రైజర్స్ గెలిచినప్పుడు కెప్టెన్ డేవిడ్ వార్నర్, అతనూ ఆస్ట్రేలియా వాడే. "చూశావా, మన ఊరికి వచ్చిన రెండు ఐపీఎల్ కప్పులూ మీ వాళ్ళు తెచ్చినవే" అని మనవడికి వీడియో కాల్‌లో లెక్క అప్పజెప్పారు. ఇన్నాళ్ళూ వాడిని ఏ జట్టని అడిగిన బంధువులెవరికీ ఈ లెక్క తోచలేదు.

ఆ మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టారు. ఏప్రిల్ 15న బెంగళూరులో హెడ్ 39 బంతుల్లో వంద, జట్టు స్కోరు 287. నాన్న నోట హెడ్ పేరు ఇంటి అల్లుడి పేరులా పలికింది. నవంబర్ మాట ఎవరూ ఎత్తలేదు. ఐపీఎల్ ఫైనల్లో 113కే కుప్పకూలినప్పుడు మాత్రం తాతామనవలు ఇద్దరూ ఒకే జట్టు ఓడిపోయినందుకు ఒకేసారి మొహాలు ముడుచుకున్నారు. అలా జరగడం వాడు పుట్టాక అదే మొదలు.

మా నాన్న నన్ను కూడా ఇలాగే ఆటలోకి దింపారు. 1999 నవంబర్ 8, సోమవారం. బడి మాన్పించి లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్ళారు. న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153, ఇద్దరూ కలిసి 331. ఆ అంకెలు ఎవరైనా చెప్తారు. నాకు గుర్తున్నది వేడెక్కిన సిమెంటు మెట్లు, కింద పరుచుకున్న దినపత్రిక, బంతి ఎటు పోయిందో కనపడక నేను నాన్న మొహం చూసి ఫోరో కాదో తెలుసుకోవడం. ఆయన పెదవి బిగిస్తే ఫీల్డర్ ఆపేసినట్టు, గడ్డం పైకి లేస్తే బంతి తాడు దాటినట్టు. అదే మైదానంలో 1955లో పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడనీ, టెస్టుల్లో భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అదేననీ అక్కడ కూర్చోబెట్టే చెప్పారు. మా వాడికి ఆ స్టేడియం చూపిస్తే "ఇంత చిన్నదా?" అన్నాడు. లక్ష మంది పట్టే మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం, ఎంసీజీ, ఉన్న ఊరివాడు, అనడా మరి!

2024 డిసెంబర్ సెలవులకు వచ్చినప్పుడు వాడి గోల వేరు. క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే బాక్సింగ్ డే టెస్టు, ఇండియా మీద, మా ఊళ్ళో, రైలెక్కితే చేరిపోయే మైదానంలో జరుగుతుంటే మేము హబ్సిగూడలో టీవీ ముందు ఉన్నాం. దానికి తోడు పసుపు జెర్సీ వేసుకుని బజారుకు వెళ్తే ప్రతివాళ్ళూ "ధోనీ అభిమానివా?" అని అడగడం. చెన్నై కాదు, ఆస్ట్రేలియా అని వివరించి వివరించి విసిగిపోయి, చివరికి తల ఊపేసి ఊరుకున్నాడు.

ఆట పొద్దున అయిదింటికి మొదలు. తాతకు ఎలాగూ నిద్ర పట్టదు, మనవడి ఒళ్ళు ఇంకా మెల్‌బోర్న్ వేళల్లోనే ఉంది. మా ఇంట్లో ఒక నియమం ఉంది: భాగస్వామ్యం నడుస్తుండగా ఎవరూ కూర్చున్న చోటు మారకూడదు. మూడో రోజు, 28న, నితీష్ కుమార్ రెడ్డి, వాషింగ్టన్ సుందర్ ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడిస్తుంటే మా అమ్మ చిక్కుడుకాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర పీట మీద ఇరుక్కుపోయింది. కాయలన్నీ ఈనెలు తీయడం అయిపోయింది, లేవనివ్వరు. కూర పొయ్యి మీదికి ఎక్కదు.

సుందర్ వెళ్ళాడు. నితీష్ 99 మీద ఉండగా బుమ్రా కూడా అవుటయ్యాడు. మిగిలింది సిరాజ్. అవతల బంతి కమిన్స్ చేతిలో. ఓవర్లో ఇంకా మూడు బంతులు. విశాఖపట్నం కుర్రాడు వంద కోసం చూస్తున్నాడు, హైదరాబాద్ వాడు వికెట్టు కాపాడాలి, వేసేది హైదరాబాద్ జట్టు కెప్టెన్, ఐపీఎల్‌లో ఆ నితీష్‌కు కూడా కెప్టెనే. మా వాడు దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనక నుంచి "తాతయ్యా, నితీష్ వంద కొట్టాలి. మ్యాచ్ మాత్రం మేము గెలవాలి" అన్నాడు. "రెండూ ఎలా కుదురుతాయిరా?" అన్నారు నాన్న, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

సిరాజ్ మూడు బంతులూ ఆపాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీష్ మిడాన్ మీదుగా ఫోర్ కొట్టి, మోకాలి మీద కూర్చుని, బ్యాటు నిలబెట్టి దానికి హెల్మెట్ తొడిగాడు. స్టాండ్‌లో వాళ్ళ నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా నాన్న గడ్డం పైకి లేచింది. అమ్మ బుట్టతో సహా లేచి "ఇక నేను వెళ్ళవచ్చా?" అంది.

రెండు రోజులకు ఆస్ట్రేలియా 184 పరుగులతో గెలిచింది. ఇండియా చివరి ఏడు వికెట్లు 34 పరుగులకే పోయాయి. రెండూ కుదిరాయి. నాన్న టీవీ కట్టేసి, గెలిచినవాడే టీ పెట్టాలని మనవడిని వంటింట్లోకి తోలారు. వాడు పెట్టిన టీలో చక్కెర బదులు ఉప్పు పడిందేమోనని నాన్న అనుమానం.

మా అమ్మాయికి క్రికెట్ పట్టదు. దాని చేతిలో షటిల్ బ్యాటు చూసిన ప్రతి ఆంటీ గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ దారి చెప్తారు, ఎవరూ ఏ దేశమని అడగరు.

తిరిగి వెళ్ళాక రాత్రి మ్యాచ్‌లు మాకు అర్ధరాత్రి అయితే గానీ మొదలవ్వవు. అందుకని నాన్న ఆట అయ్యాక మనవడికి ఫోనులో మాట్లాడి పంపుతారు. వాడు పొద్దున్నే స్కోరు చూడకుండా, బ్రెడ్డు తింటూ ముందు అదే వింటాడు. అన్నం దగ్గర తడబడే వాడి తెలుగు, జవాబు చెప్పేటప్పుడు పరుగెత్తుతుంది. గెలిచిన రోజు కమిన్స్ హైదరాబాద్ వాడు, ఓడిన రోజు ఆస్ట్రేలియా వాడు. ప్రస్తుతం నితీష్‌ను ఎన్నో స్థానంలో దింపాలన్నది తగాదా. తాతయ్యది నాలుగు, మా వాడిది ఆరు. అమ్మమ్మను తీర్పు అడిగితే, ముందు ఆ పిల్లవాడిని దెబ్బలు తగలకుండా ఆడనివ్వండి అంది.