మా ల్యాబ్‌లో రేడియో ఆపరు

న్యూజెర్సీలో పంటి క్యాపులు తయారుచేసే ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. డెంటిస్టు పంపిన స్కాన్ చూసుకుని మిషన్ జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థపు దిమ్మను పన్ను ఆకారంలో చెక్కుతుంది. ఫర్నేస్‌లో గట్టిపడ్డాక అది మా బెంచీల మీదికి వస్తుంది. అప్పటికింకా తెల్లగా, జీవం లేకుండా ఉంటుంది. దానికి పక్క పళ్ళ రంగు తెప్పించడమే నా పని. సన్నటి బ్రష్షుతో కొసన కాస్త నీలం, చిగురు దగ్గర కాస్త గోధుమరంగు, మళ్ళీ ఫర్నేసు, మళ్ళీ బ్రష్షు. కళ్ళు మైక్రోస్కోపు మీదే ఉండాలి, చెయ్యి వణకకూడదు. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. అందుకే పొద్దున ఏడింటికి ఎవరు ముందొచ్చి తలుపు తీస్తే వాళ్ళు లైట్లతో పాటు రేడియో కూడా వేస్తారు. డబ్ల్యూఎన్‌వైసీ, 93.9, న్యూయార్క్ పబ్లిక్ రేడియో. సాయంత్రం దాకా పాటలు చాలా తక్కువ, అన్నీ మాటలే.

నేను బీడీఎస్ చదివాను. ఆ డిగ్రీ పట్టుకుని ఇక్కడ ప్రాక్టీసు పెట్టడానికి లేదు. పరీక్ష రాసి, సీటొస్తే ఇంకో రెండు మూడేళ్ళు ఇక్కడి డెంటల్ కాలేజీలో చదవాలి. ఫీజులే లక్ష డాలర్లు దాటతాయి. మావారి వీసా మీద హెచ్4లో వచ్చిన కొత్తలో అసలు ఏ ఉద్యోగమూ చేయకూడదు. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే హెచ్1 వాళ్ళ భార్యలకు, భర్తలకు పనిచేసుకునే అనుమతి 2015 మేలో మొదలైంది. ఆ కార్డు నా చేతికొచ్చేదాకా ఇంట్లోనే ఉన్నాను. మావారు ఆఫీసుకు వెళ్ళాక సాయంత్రం దాకా నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు. అంతకుముందు అద్దెకున్నవాళ్ళు వంటగదిలో వదిలేసిపోయిన చిన్న రేడియో ఒకటి ఉండేది. ముల్లు తిప్పుతుంటే అరుపులూ డిస్కౌంట్లూ లేని గొంతు ఒకటి తగిలింది. ఇద్దరు మనుషులు నెమ్మదిగా, ఒకరి మాట ఒకరు పూర్తి కానిచ్చి మాట్లాడుకుంటున్నారు. అక్కడే ఆగిపోయాను.

ఆ ప్రశాంతత వెనక ఒక చట్టం ఉందని తర్వాత తెలిసింది. 1967 నవంబరులో ప్రెసిడెంట్ జాన్సన్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం మీద సంతకం చేశారు. ఇలాంటి స్టేషన్లకు దేశమంతటా కార్యక్రమాలు అందించే ఎన్‌పీఆర్ (నేషనల్ పబ్లిక్ రేడియో) 1970లో ఏర్పడి, మరుసటి ఏడాది ప్రసారాలు మొదలుపెట్టింది. ఎఫ్ఎంలో 88 నుంచి 92 దాకా ఉన్న భాగాన్ని వ్యాపారం చేయని స్టేషన్ల కోసమే విడిగా ఉంచారు. మా 93.9 ఆ హద్దుకు కాస్త బయట ఉంది. ఆ స్టేషన్‌ను 1924లో న్యూయార్క్ నగరపాలక సంస్థే పెట్టింది. 1990ల్లో నగరం అమ్మకానికి పెడితే శ్రోతల తరఫు ఫౌండేషన్ కొనుక్కుంది. ఇలాంటి స్టేషన్లలో స్పాన్సర్ల పేర్లు చదవొచ్చు. కానీ ధర చెప్పకూడదు, ఫలానాదానికంటే మంచిదని చెప్పకూడదు, వెళ్ళి కొనుక్కోండి అనకూడదు. రోజంతా వినేవాళ్ళకే ఈ నిబంధన విలువ తెలుస్తుంది. ఎనిమిది గంటల పాటు మిమ్మల్ని ఎవరూ ఏదీ కొనమని అడగరు.

పొద్దున 'మార్నింగ్ ఎడిషన్' వస్తుంది. 1979 నుంచి నడుస్తున్న కార్యక్రమం. గంట కొట్టగానే వార్తలు, మధ్యమధ్యలో మా ఏరియా వాతావరణం, ఏ రైలు ఎంత లేటో, ఏ వంతెన మీద ట్రాఫిక్ ఆగిందో. ఆ టైములో అందరం గబగబా ఆ రోజు కేసులు విడదీసుకుంటూ ఉంటాం కాబట్టి సగం చెవితోనే వింటాం. శుక్రవారం సంగతి వేరు. ఆ రోజు 'స్టోరీకోర్' అని మూడు నిమిషాల ముక్క ఒకటి వస్తుంది. 2003లో గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో ఒక చిన్న గది కట్టి మొదలుపెట్టారు దీన్ని. తల్లీకొడుకులో, ఇద్దరు పాత స్నేహితులో ఆ గదిలో కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడుకుంటారు. రికార్డింగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంటుంది. అందులోంచి చిన్న భాగమే రేడియోలో వస్తుంది. ఆ మూడు నిమిషాలూ మా ల్యాబ్‌లో ఎవరూ గ్రైండింగ్ పట్టరు. పట్టకూడదని రూలేమీ లేదు. కాలు దానంతటదే పెడల్ మీంచి పక్కకు వస్తుంది.

పదింటికి బ్రయన్ లేరర్ వస్తారు. నా దృష్టిలో మా రోజు మొదలయ్యేది అప్పుడే. ఆయన 1989 నుంచి ఈ కార్యక్రమం చేస్తున్నారు. రెండు గంటలు. ఒక విషయం, దానికి సంబంధించిన గెస్టు, ఆ తర్వాత శ్రోతల ఫోన్లు. ప్రతి కాలర్‌నూ మొదటి పేరుతో, ఏరియా పేరుతో పలకరిస్తారు. జాక్సన్ హైట్స్, బే రిడ్జ్, మాంట్‌క్లేర్, ఆ పేర్లన్నీ నాకు మ్యాపులో కంటే ముందు ఆయన నోట తెలిశాయి. ఒక్కోరోజు పనిని బట్టి పిలుస్తారు: ఇవాళ ముసలివాళ్ళను ఇళ్ళల్లో చూసుకునే ఆయాలు ఫోన్ చేయండి, లేదా టాక్సీ నడిపేవాళ్ళు చేయండి, టీచర్లు చేయండి అని. మేయర్ల పాలసీ గురించి ప్రొఫెసరు చెప్పేది ఒకటి, ఆ పాలసీ కింద పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చిన మనిషి చెప్పేది ఒకటి. ఆయన ఇద్దరికీ ఒకే మర్యాద ఇస్తారు. కాలర్ తడబడితే తొందరపెట్టరు. కోపంగా మాట్లాడితే ఆ కోపంలోంచి అసలు ప్రశ్నను పైకి తీసి గెస్టు ముందు పెడతారు. చిన్నప్పుడు ఇంట్లో ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వింటూ పెరిగినదాన్ని. రేడియో అంటే అవతల ఒకరు చదవడం, ఇవతల మనం వినడం. ఇక్కడ మామూలు మనిషి గొంతు ఎడిటింగ్ లేకుండా నేరుగా వెళ్ళడం చూసి చాలా రోజులు ఆశ్చర్యపోయాను.

ఈ దేశంలో బతకడానికి కావలసిన సంగతులు చాలావరకు నాకు ఆ ఫోన్ కాల్స్ లోంచే వచ్చాయి. ఒకసారి మేం ఇల్లు ఖాళీ చేస్తే ఓనరు డిపాజిట్ ఇవ్వడానికి నెలల తరబడి తిప్పాడు. పెయింటింగ్ అన్నాడు, కార్పెట్ అన్నాడు. మావారు పోనీలే అన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జెర్సీ సిటీ నుంచి ఒకావిడ ఇదే గోడు చెప్పుకుంది, గెస్టుగా వచ్చిన లాయరు వివరించారు. న్యూజెర్సీలో అద్దె డిపాజిట్ ఒకటిన్నర నెల అద్దెకు మించి తీసుకోకూడదని, ఖాళీ చేశాక 30 రోజుల్లో లెక్క చెప్పి మిగతాది వడ్డీతో తిరిగివ్వాలని. చేతిలో బ్రష్షు పక్కన పెట్టి, మోడల్ ప్యాకింగ్ కాగితం మీద రాసుకున్నాను. ఆ రాత్రే ఆ చట్టం పేరు రాసి ఓనరుకు ఉత్తరం పంపాం. చెక్కు వచ్చింది.

2020 మార్చిలో అత్యవసరం కాని పంటి పనులన్నీ ఆపేశారు. డెంటిస్టు లేకపోతే ల్యాబ్ లేదు. అందరం ఇళ్ళకు వెళ్ళిపోయాం. మళ్ళీ అదే వంటగది. కానీ ఈసారి రేడియోలో వినిపిస్తున్నది నాకు పరిచయమైన ఊరు. సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో నిలబడేవాళ్ళు, అంబులెన్సు నడిపేవాళ్ళు, అమ్మను ఆసుపత్రి గుమ్మం దగ్గర వదిలి వచ్చిన కొడుకులు ఫోన్లు చేసేవారు. ఆ నెలల్లో ఈ నగరానికి ఏం జరిగిందో టీవీలో అంకెల్లో చూశాను. రేడియోలోనే మనుషులుగా విన్నాను.

ఒకసారి నేనూ ఫోన్ చేశాను. లేరర్ సెలవులో ఉండి వేరొకరు నడిపిన రోజది. బయటిదేశాల్లో పెద్ద చదువులు చదివి ఇక్కడ వేరే పనుల్లో ఉన్నవాళ్ళు మాట్లాడమన్నారు. మా సీనియర్, పోలాండ్ ఆయన, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే నా వైపు వేలు చూపించారు. పక్క బెంచీలో ఈక్వడార్ ఆవిడ నా చేతిలోంచి క్యాపు తీసేసుకుంది. వెనక తలుపు తీసుకుని పార్కింగులోకి వెళ్ళి నంబరు కలిపాను. ముందు ఒక అమ్మాయి ఎత్తి పేరు, ఏరియా, చెప్పదలచుకున్నది ఒక్క ముక్కలో అడిగింది. పక్కన రేడియో ఉంటే ఆపేయమంది. తర్వాత హోల్డ్‌లో పెడితే ఫోన్లోనే కార్యక్రమం వినిపిస్తూ ఉంది. గుండె దడదడ, ఒకటే టెన్షన్. నా వంతు రాగానే చెప్పాను: నా చేతులు మనుషుల నోళ్ళల్లో పనిచేయడం నేర్చుకున్నాయి, ఇప్పుడు పార్సిల్‌లో వచ్చే మోడళ్ళ మీద పనిచేస్తున్నాయి, ఎవరి పన్నో నాకు తెలియదు, నవ్వితే ఎలా ఉందో తెలియదు అని. వాళ్ళు ఇంకో ప్రశ్న అడిగారు, మళ్ళీ చదవాలని ఉందా అని. ఉంది, దారి కాస్త చిన్నదైతే బాగుండు అన్నాను. లైన్ కట్ అయింది. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టేసరికి నా గొంతే ఇంకా మాట్లాడుతోంది. లైవ్ అన్నా కొన్ని సెకన్లు ఆలస్యంగా ప్రసారం చేస్తారు కదా, ఆఖరి మాటలు అప్పుడు వస్తున్నాయి. ల్యాబ్‌లో ఒక్క మిషనూ తిరగడం లేదు. బీడీఎస్ అయ్యాక నా చదువు గురించి ఈ దేశంలో నన్ను ఎవరైనా శ్రద్ధగా అడిగింది అదే మొదటిసారి.

పన్నెండు నుంచి అలిసన్ స్టువర్ట్ కార్యక్రమం. పుస్తకాలు, నాటకాలు, మ్యూజియాలు. అప్పుడు మా లంచ్, కాబట్టి దాని గురించి నేను పెద్దగా చెప్పలేను.

'ఫ్రెష్ ఎయిర్' అనే ఇంటర్వ్యూల కార్యక్రమం స్టేషన్‌ను బట్టి వేర్వేరు వేళల్లో వస్తుంది. టెరీ గ్రోస్ 1975 నుంచి ఫిలడెల్ఫియాలో ఈ కార్యక్రమం చేస్తున్నారు. 1987 నుంచి రోజూ దేశమంతా వస్తోంది. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఆవిడ ఇంటర్వ్యూ చేసే మనుషులు ఎక్కువసార్లు ఆవిడ ఎదుట ఉండరు, వేరే ఊళ్ళో వేరే స్టూడియోలో ఉంటారు. ఆవిడకు వినిపించేది గొంతొక్కటే. మరీ సొంత విషయం అనిపిస్తే చెప్పనక్కర్లేదని గెస్టులకు ముందే చెబుతారట. అంత తీరికగా, అంత లోతుగా ఒక మనిషి కథ బయటికి రావడానికి ఈ రెండూ కారణమేనని నాకు అనిపిస్తుంది. రంగు వేసేటప్పుడు ఒక్కోసారి ఆ ఇంటర్వ్యూ అయ్యేదాకా ఫర్నేసు బీప్ కూడా నాకు వినపడదు.

నాలుగింటికి 'ఆల్ థింగ్స్ కన్సిడర్డ్'. 1971 మే 3న మొదలైంది. 1972లో సూసన్ స్టాంబర్గ్ దీనికి హోస్ట్ అయినప్పుడు, అమెరికాలో దేశమంతటికీ వెళ్ళే రోజువారీ సాయంత్రపు వార్తల కార్యక్రమాన్ని నడిపిన మొదటి మహిళ ఆవిడే. 2025 అక్టోబరులో ఆవిడ పోయారు. ఆ వార్త వచ్చినప్పుడు మా పోలాండ్ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తనకు ఇంగ్లీషు చెవికెక్కించింది ఆ గొంతేనన్నారు. కారులో ఇంటికి వెళ్ళేటప్పుడు 'మార్కెట్‌ప్లేస్' అనే వ్యాపార వార్తల కార్యక్రమం ఉంటుంది. షేర్లు పెరిగిన రోజు ఒక ట్యూను, పడిన రోజు ఇంకో ట్యూను వేస్తారు. హోస్ట్ కై రిస్డాల్ అంకెలు చదవకముందే మావారి మూడ్ ఎలా ఉండబోతోందో నాకు తెలిసిపోతుంది.

ఏడాదికి కొన్నిసార్లు చందాల వారం వస్తుంది. ఆ వారం కార్యక్రమాలు ఆపి ఆపి డబ్బు అడుగుతారు. మా తెలుగు స్నేహితులు కొందరు విసుక్కుంటారు, ఊరికే వచ్చేదానికి డబ్బెందుకని. మొదటి జీతం వచ్చిన నెలలోనే నేను మెంబరయ్యాను. రోజంతా నాతో మాట్లాడినవాళ్ళకు నెలకు కొన్ని డాలర్లు ఇవ్వడం నాకు ఖర్చుగా ఎప్పుడూ తోచలేదు.

2025 జులైలో కాంగ్రెస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కు ముందే కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసేసుకుంది. 1967 చట్టంతో పుట్టి, ఆ డబ్బును స్టేషన్లకు పంచుతూ వచ్చిన కార్పొరేషన్ ఆగస్టు మొదట్లోనే మూసివేత ప్రకటించింది. మా స్టేషన్‌కు డబ్బులిచ్చే శ్రోతలు లక్షల్లో ఉన్నారు, తట్టుకుంటుంది. పల్లెల్లో, నేటివ్ అమెరికన్ల ప్రాంతాల్లో ఉన్న చిన్న స్టేషన్లకు ఆ ఫెడరల్ డబ్బే పెద్ద ఆధారంగా ఉండేది. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి భర్త వీసా షరతు కోసం డాక్టర్లు దొరకని ఒక మారుమూల ఊళ్ళో డాక్టరుగా చేస్తున్నాడు. మంచు తుఫాను వచ్చిన రోజు స్కూలు ఉందో లేదో, ఏ రోడ్డు మూసేశారో చెప్పేది అక్కడ ఆ ఒక్క స్టేషనే. సెల్ సిగ్నల్ కొండ దాటాక ఉండదట. ఆ స్టేషన్ ఫ్రీక్వెన్సీ మా దాకా రాదు. అయినా నెలనెలా కొంత అక్కడికీ పంపుతున్నాను. పోయిన నెల వాళ్ళ దగ్గర్నుంచి థాంక్స్ చెబుతూ ఉత్తరం వచ్చింది, వెనక కార్యక్రమాల పట్టిక. పశువుల సంత ధరలున్నాయి, హైస్కూలు ఆటల స్కోర్లున్నాయి, మంగళవారం పొద్దున ఊరివాళ్ళ ఫోన్లు తీసుకునే గంట ఉంది. నెట్‌లో కూడా వస్తుందట. వచ్చే మంగళవారం ఆ గంట మా ల్యాబ్‌లో పెడతానన్నాను, ఈక్వడార్ ఆవిడ సరేనంది. లేరర్ మొదలయ్యేలోపు అయిపోతుందా అని మాత్రం పోలాండ్ ఆయన అడిగారు.