దిండు కింద రొట్టె ముక్క

ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లిన మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇది వాళ్లకీ, యూదు వృద్ధాశ్రమాలకు వాలంటీర్లుగా వెళ్లేవాళ్లకీ. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది కాబట్టి, హోలోకాస్ట్‌ను, అంటే నాజీలు జరిపిన యూదుల సామూహిక హత్యాకాండను, తప్పించుకుని బతికినవాళ్లలో అందరికంటే చిన్నవాళ్లకీ ఇప్పుడు ఎనభై దాటాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చాక నిన్నటి సంగతి గుర్తుండదు, నాజీల నిర్బంధ క్యాంపు మాత్రం ఇప్పుడే జరుగుతున్నట్టుంటుంది.

నాటి ఆకలి మరవలేక కొందరు దిండు కింద, సంచీలో రొట్టె దాచుకుంటారు. బూజు పట్టిందని తీసి పారేశారో, ఆ రోజుకి ఇక మిమ్మల్ని దగ్గరికి రానివ్వరు. ముందు తాజా ముక్క చేతిలో పెట్టి, ఆ తర్వాత పాతది అడిగి తీసుకోండి. మంచం పక్కన మూత డబ్బా ఒకటి ఉంచితే చీమల బెడదా ఉండదు. అసలు చిక్కు పస్కా అనే యూదుల పండగకి. ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయట ఎనిమిది రోజులు పులిసిన రొట్టె ఎక్కడా ఉండకూడదు. అందుకని ముందే గదులన్నీ వెతుకుతారు. వెతకడమంటేనే వీళ్లకి హడల్. కొన్ని రోజుల ముందు నుంచే డబ్బాలో రొట్టెతోపాటు మట్జా, అంటే పులియని రొట్టె, పెడుతూ రండి. పండగనాటికి రొట్టె పోయినా డబ్బా ఖాళీ అవదు.

స్నానం చేయించడం స్టాఫ్ పని. తోడుండమంటే మాత్రం షవర్ వద్దనండి. గ్యాస్ గదుల్ని స్నానాల గదులని నమ్మించే లోపలికి పంపారు. బకెట్టూ మగ్గూ మేలు. తలుపు గడియ పెట్టకుండా, ఒంటికి తువ్వాలు కప్పి, పాదాల నుంచి మొదలుపెట్టాలి. మందులకి వరసలో నిలబెట్టొద్దు, కూర్చున్న చోటికే తీసుకెళ్లండి. రాత్రి టార్చ్ నేల మీదికే వేయండి. నిలువు చారల చొక్కా వేసుకెళ్లకండి, క్యాంపు ఖైదీల బట్టలు గుర్తొస్తాయి.

ముంజేతి మీద నంబరు కనిపిస్తే దాని గురించి అడగొద్దు. అలా పచ్చబొట్టు పొడిచింది ఆష్విట్జ్ అనే నాజీ క్యాంపులోనే. నంబరు లేనివాళ్లలో పేరు మార్చుకుని కాన్వెంట్లలో దాక్కుని పెరిగినవాళ్లూ ఉంటారు. "మీ కథ చెప్పండి" అని అడగడం మహా తప్పు. చెప్పించుకుని మీరు వెళ్లిపోతారు, రాత్రంతా నిద్ర పట్టనిది వాళ్లకి.

వంటింట్లో మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. చెంచా తారుమారైతే కడిగేయకుండా పక్కన పెట్టి, కోషర్ (యూదుల ఆహార నియమాలు) పర్యవేక్షకుడికి చెప్పండి. ఇంటి నుంచి పులిహోర తేవొద్దు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, అంటే యూదుల విశ్రాంతి దినం; అప్పుడు వాళ్ల ముందు ఫోను తీయకండి, ఏమీ రాయకండి.

ఎవరైనా ఉన్నట్టుండి బెదిరిపోతే "అదంతా ఎప్పుడో అయిపోయిందిగా" అని వాదించకండి. పక్కనే కూర్చుని మీ పేరు చెప్పండి, గొంతు తగ్గించండి. దేనికి బెదిరారో నర్సుకి రాసివ్వండి. శనివారమైతే నోటితో చెప్పండి.