కుర్చీ ఖాళీగా ఉన్న నెలలో హనోయ్

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. పండగ ఇంట్లో చేసుకుని, మూడోరోజు ఢిల్లీ మీదుగా హనోయ్ బయల్దేరాం. ప్రయాణం మా అమ్మాయి ఏర్పాటు చేసింది. తనకు హలాంగ్ బేలో పడవ మీద ఒక రాత్రి గడపాలని ఉంది. నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఏడేళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు వియత్నాం తొలి అధ్యక్షుడు హో చి మిన్ సమాధి మందిరం ఉన్న బా దిన్ మైదానం చూడాలని ఉంది. పైగా ఆ నెలలో వియత్నాంకు దేశాధ్యక్షుడు లేరు. వో వాన్ థువాంగ్ రాజీనామాను మార్చి 21న జాతీయ శాసనసభ ఆమోదించింది. కొత్త అధ్యక్షుణ్ణి ఇంకా ఎన్నుకోలేదు. అధ్యక్షుడు లేని దేశం ఎలా ఉంటుందో కళ్ళతో చూడాలన్న ఆత్రం నాది.

ఎలా ఉంటుంది, మామూలుగానే ఉంది. సన్నటి తుంపర, రోడ్డు దాటనివ్వని స్కూటర్లు, పేవ్‌మెంట్ల మీద చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళేసుకుని కాఫీ తాగే జనం. ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చుకుంటే చేతికొచ్చిన ప్రతి డాంగ్ నోటు మీదా హో చి మిన్ ముఖమే.

శుక్రవారం హో చి మిన్ సమాధి మందిరానికి సెలవు. అందుకని శనివారం పొద్దున్నే వెళ్ళాం. అప్పటికే లైను చాలా దూరం సాగింది. టోపీలు తీసేయాలి, మాట్లాడకూడదు, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు. తెల్ల యూనిఫాంలో ఉన్న సైనికులు కళ్ళతోనే జనాన్ని నడిపిస్తున్నారు. లోపల చల్లగా ఉంది. గాజుపెట్టెలో ఆయన. ఆగనివ్వరు కాబట్టి చూసింది నిమిషం కూడా ఉండదు. నా ముందున్న ముసలామె బయటికొచ్చాక కొంగులాంటి గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. తనను దహనం చేసి, చితాభస్మాన్ని మూడు భాగాలు చేసి ఉత్తర, మధ్య, దక్షిణ ప్రాంతాలకు ఇవ్వమని ఆయన వీలునామాలో రాసుకున్నారు. ఆ మాట ప్రజలకు తెలిసింది 1989లో. ఈ మందిరం 1975లోనే తెరిచారు. ఆ సంగతి ముందే తెలిసి వెళ్ళడం వల్ల నాకు లోపల మనసు బాగా బరువెక్కింది.

మా గైడు పాతికేళ్ళ అమ్మాయి. మొదటి రోజు 'సర్' అంది, రెండోరోజుకి 'బాక్' అని పిలవడం మొదలుపెట్టింది. అంటే ఏమిటని అడిగితే నాన్నకు అన్నయ్య అని చెప్పింది. హో చి మిన్‌ను వాళ్ళు 'బాక్ హో' అంటారు. ఇంగ్లిష్ పుస్తకాల్లో అంకుల్ హో అని చదివి ఇన్నాళ్ళూ నేను కూడా క్లాసులో అలాగే చెప్పాను. తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే మాట పెదనాన్న. ఆ మాట మనకు ఉండి కూడా వాడకపోయినందుకు బాధేసింది. అధ్యక్షుడికి వాళ్ళ మాట 'చూ తిక్ నుయొక్'. 'నుయొక్' అంటే దేశం, అదే మాటకు నీళ్ళు అని కూడా అర్థం. 'చూ తిక్' అంటే అధ్యక్షుడు, కమ్యూన్ కమిటీ పెద్దను కూడా అదే మాటతో పిలుస్తారు. మనం సంఘానికీ సభకీ పార్టీకీ అధ్యక్షుడు అన్నట్టే.

మందిరం దాటి లోపలికి నడిస్తే చెట్ల మధ్య ఆవపిండి రంగులో అధ్యక్ష భవనం కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్ళు ఇండోచైనా గవర్నర్ జనరల్ కోసం 1900 నుంచి 1906 దాకా కట్టారు. లోపలికి పంపరు, బయటినుంచే చూడాలి. 1954లో హనోయ్ తిరిగొచ్చిన హో చి మిన్ అందులో ఉండనన్నారు. ఆ ఆవరణలోనే అంతకుముందు ఎలక్ట్రీషియన్ ఉన్న చిన్న ఇంట్లో నాలుగేళ్ళున్నారు. 1958లో చెరువు గట్టున స్తంభాల మీద చెక్క ఇల్లు కట్టించుకుని అందులోకి మారారు. పైన రెండే రెండు గదులు. ఒక మంచం, ఒక బల్ల, కొన్ని పుస్తకాలు. కింద గోడల్లేని చోట పొడుగాటి బల్ల. పార్టీ పొలిట్‌బ్యూరో సభ్యులతో ఆయన కూర్చుని మాట్లాడింది ఆ బల్ల దగ్గరే.

నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. అమ్మాయి రెండుసార్లు పిలిచింది కూడా. హో చి మిన్ దేశానికీ అధ్యక్షుడే, 1951 నుంచి పార్టీకీ అధ్యక్షుడే. రెండు అధికారాలూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు రాజ్యాంగం అధ్యక్షుడికి ఏమిచ్చిందని ఎవరూ అడగరు. ఆయన 1969 సెప్టెంబర్ 2న పోయాక ఉపాధ్యక్షుడు టోన్ డక్ థాంగ్ అధ్యక్షుడయ్యారు. పార్టీ పగ్గాలు మాత్రం ప్రథమ కార్యదర్శి లె జువాన్ చేతిలో ఉన్నాయి. అప్పటినుంచి అధ్యక్ష పదవి గౌరవం ఎక్కువ, పట్టు తక్కువ ఉన్న పదవిగా మిగిలింది. 1980 రాజ్యాంగంలో ఆ ఒక్క కుర్చీ కూడా తీసేశారు. సోవియట్ పద్ధతిలో స్టేట్ కౌన్సిల్ పెట్టి, దేశాధినేత బాధ్యతను కొందరికి కలిపి అప్పగించారు. 1992లో మళ్ళీ ఒకే అధ్యక్షుడి పద్ధతికి వచ్చారు.

ఇప్పుడున్నది 2013 రాజ్యాంగం. దాని అనువాదం ప్రింటు తీసుకుని బ్యాగులో పెట్టుకెళ్ళాను. చెరువు గట్టు మీద బెంచీ చూసుకుని కూర్చుని గైడుకు చూపించాను. అధ్యక్షుణ్ణి జాతీయ శాసనసభ తన సభ్యుల్లోంచే ఎన్నుకుంటుంది. చట్టాలు ఆయన సంతకంతో వెలువడతాయి. సాయుధ దళాలకు అధిపతి, రక్షణ భద్రతా మండలికి అధ్యక్షుడు ఆయనే. ప్రధాని పేరును సభకు ప్రతిపాదించేది ఆయనే, కానీ ఎన్నుకునేది సభ. ఉరిశిక్ష పడ్డవాడి క్షమాభిక్ష అర్జీ చివరికి చేరేది ఆయన దగ్గరికే. ఒక ఏర్పాటు మాత్రం నన్ను ఆపింది. మన దగ్గర ఆర్డినెన్స్ ఇచ్చేది రాష్ట్రపతి. అక్కడ ఆ పని శాసనసభ స్థాయీ సంఘానిది. అధ్యక్షుడికి నచ్చకపోతే పది రోజుల్లోపు మళ్ళీ చూడమని అడగవచ్చు. వాళ్ళు మళ్ళీ అదే ఆమోదించినా ఆయన ఒప్పుకోకపోతే విషయం పూర్తి సభ ముందుకు వెళ్తుంది. కాగితం మీద అది చిన్న అధికారం కాదు.

కానీ అదే పుస్తకంలో నాలుగో అధికరణం ఉంది. రాజ్యానికీ సమాజానికీ నాయకత్వం వహించే శక్తి కమ్యూనిస్టు పార్టీ అని అందులో రాశారు. అధ్యక్షుడి గురించి ఎనభై ఆరో అధికరణం నుంచి రాసిన ప్రతి వాక్యాన్నీ ఈ నాలుగోదానితో కలిపి చదవాలి. మార్చిలో జరిగింది చూస్తే అది ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. థువాంగ్ పార్టీ నిబంధనలను ఉల్లంఘించారని ప్రకటించి, ఆయన రాజీనామాకు పార్టీ కేంద్ర కమిటీ 20వ తేదీన ఒప్పుకుంది. శాసనసభ ఓటు వేసింది మర్నాడు. ఆయన పదవిలో ఉన్నది ఏడాది పైచిలుకు. అంతకుముందున్న గుయెన్ జువాన్ ఫుక్ కూడా 2023 జనవరిలో ఇలాగే మధ్యలో దిగిపోయారు. రెండుసార్లూ తొంభై మూడో అధికరణం ప్రకారం ఉపాధ్యక్షురాలు వో థి ఆన్ జువాన్ తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు.

"ఇప్పుడు సంతకాలు ఎవరు పెడుతున్నారో తెలుసా?" అని గైడును అడిగాను. తెలుసని ఆవిడ పేరు చెప్పింది. ఎవరు అధ్యక్షులైతే బాగుంటుందని కూడా అడగబోయి, ఆ పిల్లకు ఇబ్బంది అవుతుందేమోనని మానుకున్నాను. తనే కాసేపటికి, "బాక్, మాకు పెద్ద ఆయన అంటే పార్టీ జనరల్ సెక్రటరీయే" అంది.

మాటల్లో మన 1969 గుర్తొచ్చి చెప్పాను. ఆ మే నెలలో జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే పోతే, ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. పోటీ చేయడానికి ఆయన రాజీనామా చేస్తే, ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఆ బాధ్యత తీసుకున్నారు. తర్వాత గిరి, నీలం సంజీవరెడ్డి ఇద్దరూ పోటీపడ్డారు. తెలుగువాళ్ళిద్దరి మధ్య ఆ పోటీ దేశాన్ని ఊపేసింది, కాంగ్రెస్ చీలిపోయింది. గిరి ప్రమాణం చేసిన తొమ్మిదో రోజున హనోయ్‌లో హో చి మిన్ కన్నుమూశారు. మన దగ్గర ఖాళీ కుర్చీ వీధుల్లో వాదనైంది. అక్కడ మార్చి నుంచి మే దాకా రెండు నెలలు అది మూసిన తలుపుల వెనక విషయంగా ఉండిపోయింది. దేశాధినేత ఎవరన్నది జనం టీకొట్టు దగ్గర కూడా గట్టిగా మాట్లాడుకోలేకపోవడం నాకు మింగుడుపడలేదు. ఆ దేశం మీద, ముప్పై ఏళ్ళు యుద్ధం చేసి నిలబడ్డ ఆ జనం మీద ఉన్న గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

మే 22న తో లామ్ అధ్యక్షుడిగా ప్రమాణం చేయడం ఇంటికొచ్చాక టీవీలో చూశాను. జూలైలో జనరల్ సెక్రటరీ గుయెన్ ఫు ట్రోంగ్ చనిపోతే, ఆగస్టులో ఆ పదవి కూడా తో లామ్‌కే వచ్చింది. రెండూ కొన్నాళ్ళు చేసి, అక్టోబర్‌లో అధ్యక్ష పదవిని సైన్యం నుంచి వచ్చిన లువాంగ్ కువాంగ్‌కు వదిలారు. పార్టీ పదవి ఉంచుకున్నారు.

హలాంగ్ బే గురించి అమ్మాయి వేరే రాస్తానంది. ఆఖరి సాయంత్రం పశ్చిమ సరస్సు ఒడ్డున ఉన్న ట్రాన్ క్వోక్ పగోడాకు వెళ్ళాం. ఆవరణలో పెద్ద రావిచెట్టు ఉంది. 1959లో వియత్నాం వచ్చిన మన రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ బోధగయ నుంచి తెచ్చిన మొక్క అది. చెట్టు కింద ఇద్దరు ముసలివాళ్ళు అగరొత్తులు వెలిగిస్తున్నారు. గైడు అడిగింది: "బాక్, ఆయనకు అధికారం ఉండేదా?"

ఈ మొక్క తెచ్చిన మరుసటి ఏడాది, 1960 నవంబర్‌లో, ఢిల్లీలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ భవనానికి శంకుస్థాపన చేస్తూ రాజేంద్ర ప్రసాద్ గారు సరిగ్గా ఆ ప్రశ్నే లేవనెత్తారు. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు కట్టుబడి తీరాలా, దాన్ని న్యాయనిపుణులు పరిశీలించాలి అన్నారు. ప్రధానికి అది ఇష్టం లేకపోయినా బహిరంగ సభలోనే అన్నారు. పదహారేళ్ళ తర్వాత 42వ సవరణ కట్టుబడాల్సిందేనని రాసింది. 1978లో 44వ సవరణ, ఆ సలహాను ఒక్కసారి తిప్పి పంపే వీలు ఇచ్చింది. ఇదంతా చెప్పాను.

తను కాసేపు ఆలోచించి, "పదవిలో ఉండగానే అడిగారా?" అంది.

పదవిలో ఉండగానే, అన్నాను. ఆ తర్వాత కూడా ఆయన ఇంకో ఏడాదిన్నర రాష్ట్రపతిగానే ఉన్నారని చెప్పాను. ఆ అమ్మాయి ఫోను తీసి, చెట్టు దగ్గరున్న రాతి పలకను ఫోటో తీసుకుంది.